ఇసుకలో దవడపన్ను ముద్ర

ఊళ్ళో సగం మంది నవ్వు అతని చేతుల మీదుగా వచ్చిందే. కానీ వీధిలో ఎదురైతే అతన్ని చూసి నవ్వేవాళ్ళు లేరు. పళ్ళ డాక్టరు క్లినిక్ వెనక, మెట్ల కింద, ఒక్కటే కిటికీ ఉన్న గదిలో కూర్చుని కట్టుడు పళ్ళు తయారుచేయడం అతని పని. ముందుగదిలో డాక్టరు రోగి నోట్లో అచ్చు తీసి తలుపు సందులోంచి అందిస్తాడు. అతను ఆ అచ్చులో ప్లాస్టరు పోస్తాడు, మైనంతో చిగుళ్ళు కడతాడు, పళ్ళు పేరుస్తాడు, ఉడికిస్తాడు, రుద్ది మెరుగు పెడతాడు. తయారైనది మళ్ళీ ఆ సందులోంచే ముందుకి వెళ్తుంది. "ఎంతైనా డాక్టరుగారి చేతి చలవ!" అని రోగులు మెచ్చుకోవడం గోడ అవతల నుంచి వినపడుతూనే ఉంటుంది. మొదట్లో అది విని పళ్ళు కొరుక్కునేవాడు. తర్వాత మానేశాడు. పళ్ళు కొరుక్కుంటే ఏమవుతుందో అతనికి తెలియనిది కాదు కదా.

ఏళ్ళ తరబడి పీల్చిన ప్లాస్టరు దుమ్ము చివరికి దగ్గుగా తేలింది. "గాలి మార్పు కావాలి" అన్నాడు ఛాతీ డాక్టరు.

"గాలి మార్చాలంటే ఊరు మారక్కర్లేదులే, గుమ్మం దాటితే చాలు" అంది భార్య. "ఆదివారం పూట ఎటైనా పోయి తిరిగిరా. నీ దగ్గుకి గోడ పెచ్చులు రాలుతున్నాయి."

అలా ఒక ఆదివారం పొద్దున్నే బస్సెక్కి చివరి స్టాపులో దిగాడు. బస్సు అక్కడ వెనక్కి తిరుగుతుంది. ఆ తర్వాత ఊరు లేదు, ఎడారి ఉంది. అతనితో పాటు దిగింది ఒకే ఒక్క ముసలాయన, చేతిలో కర్ర. దిగుతూనే అతన్ని ఎగాదిగా చూశాడు.

"టికెట్ తీసుకున్నావుగా?"

"తీసుకున్నానండీ."

"తెలుసులే. తీసుకోనివాడు నీలా నిదానంగా దిగడు. రెండు కాళ్ళూ కలిపి దూకుతాడు."

ఆయన ఉద్యోగమంతా బస్సుల్లో టికెట్లు చెకింగ్ చేయడంతోనే గడిచింది. రిటైరై చాలా కాలమైనా ఊళ్ళో అందరికీ ఆయన చెకింగాయనే. ఆయన బస్సెక్కితే జనం మొహాలు మాడిపోయేవట. ఎవరూ రమ్మనని ఉద్యోగం, ఎవరూ ఉండమనని జీవితం. భార్య పోయాక అద్దెగదిలో ఒక్కడే ఉంటున్నాడు. తోడుకి అట్ట ఊడిపోయిన బొమ్మల పుస్తకం ఒకటి ఉంది. ఎడారిలో తిరిగే తొండలు, ఉడుములు, నలికిరులు, పాములు, తేళ్ళు, వాటి రంగులు, గుణాలు అన్నీ అందులో ఉంటాయి. ఆయన దాన్ని నమిలి మింగేశాడు.

అతనికి అన్న లేడు, ఆయనకి తమ్ముడు లేడు. కొన్నాళ్ళకి ఒకరికొకరు అన్నా తమ్ముడూ అయిపోయారు. ఆదివారం వచ్చిందంటే పొద్దెక్కకముందే ఇసుకలో ఉండేవాళ్ళు. చెకింగాయన ముందు, అతను వెనక. రాతి మీద ఏదో కదిలితే ఆయన కర్ర పైకి లేచేది. ఇద్దరూ కొయ్యబొమ్మల్లా ఆగిపోయేవాళ్ళు.

"రంగు చూసి మోసపోకు తమ్ముడూ. పొద్దున చలికి నల్లగా ఉన్నది మధ్యాహ్నానికి తెల్లబడుతుంది. రంగు దాని మొహమాటం, నడక దాని నిజం. ముందు కాలివేళ్ళు చూడు, తర్వాత తోక చూడు, తర్వాత పరుగు చూడు. పేరు చివర్న అడుగు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాతేముంది, చూసిందాన్ని చూసినచోటే వదిలెయ్. మనం చెకింగ్‌కి వచ్చాం, అరెస్టు చేయడానికి కాదు."

ఈ మాట అతనికి ఎంత నచ్చిందంటే, ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు. "రోజంతా జనాన్ని బస్సులోంచి దింపిన మనిషికి తొండల మీద ఇంత దయా?" అంది ఆవిడ. ఆవిడకి చెకింగాయనంటే మొదటినుంచీ పడదు. ఒకప్పుడు, నిండు నెలలతో ఉన్నప్పుడు, చేతిసంచీలో టికెట్ ఎక్కడో జారిపోతే ఆవిడని నడిరోడ్డు మీద దింపేసింది ఈయనేనని ఆవిడ గట్టి నమ్మకం. ఆయనకి ఆ సంగతి గుర్తే లేదు. దింపినవాడికి గుర్తుండదు, దిగినవాళ్ళకి ఉంటుంది.

చెకింగాయన పై పళ్ళు ఒక్కొక్కటే రాలిపోతుంటే అతను చూడలేకపోయాడు. పళ్ళు లేక ఆయన చెప్పే పేర్లు సగం గాలిలో కలిసిపోతున్నాయి. డాక్టరుకి చెప్పి అచ్చు తీయించి, క్లినిక్ మూసేశాక కూర్చుని తనే ఆయనకి పళ్ళ సెట్టు చేశాడు. అంత ప్రాణం పెట్టి ఎవరికీ చేయలేదు. పక్కపన్ను ఒకదాన్ని కావాలనే రవ్వంత వంకరగా పేర్చాడు, ఆయన సొంత పన్ను అలాగే ఉండేదని.

"ఇదేంటి తమ్ముడూ, వంకరపోయిందే?"

"మరీ తిన్నగా ఉంటే అబద్ధంలా కనపడుతుంది అన్నా."

చెకింగాయన అద్దంలో నవ్వి చూసుకున్నాడు. చాలాసేపు ఆ నవ్వు ఆపలేదు.

తర్వాత కర్ర సంగతి. గులకరాళ్ళ మీద కర్ర జారి ఆయన ఒకసారి తూలిపడ్డాడు. అతను ఆ వారమే కర్ర కొలత తీసుకుని, ముసలివాళ్ళ చిగుళ్ళకి ఒరుసుకోకుండా సెట్టు లోపల వేసే మెత్తటి గులాబీరంగు రబ్బరుతో ఒక తొడుగు చేశాడు. అడుగున పట్టు ఉండాలి కదా? చేతికి అందిన పెద్ద దవడపన్ను అచ్చులో రబ్బరు పోశాడు. గుంటలు, గట్లు అన్నీ చక్కగా దిగాయి. కర్ర ఎక్కడ ఆనితే అక్కడ ఇసుకలో దవడపన్ను ముద్ర పడేది. ఇద్దరూ దాన్ని చూసి పొట్ట పట్టుకుని నవ్వారు.

"నీ కర్ర భూమిని కొరుకుతోంది అన్నా."

"కొరకనీరా. ఇన్నాళ్ళూ భూమి నన్ను కొరుక్కుతింది."

ఇలాంటి కర్ర ప్రపంచంలో రెండోది లేదు. ఈ మాట తర్వాత అతనికి చాలాసార్లు గుర్తొచ్చింది.

ఒక కొత్త బల్లి కనపడిన రోజు చెకింగాయన రాలేదు. మోకాలు పట్టేసింది, నువ్వు పోయిరా అన్నాడు. అతను ఒక్కడే పొడి వాగు వెంట నడిచి, రెండు పెద్ద రాళ్ళు ఒకదానికొకటి ఒరిగి ఉన్న చోట నీడకని కూర్చున్నాడు. ఎదురుగా ఇసుకలోంచి ఒక తల పైకి లేచింది. ఇసుకని చీరలా జార్చుకుని మిగతా ఒళ్ళు బయటికి వచ్చింది. జానెడు పొడవుంటుంది. చదును తల. కాలివేళ్ళ అంచుల్లో దువ్వెన పళ్ళలా సన్నటి పొలుసులు. వీపంతా ఎండిన గడ్డి రంగు, డొక్కల దగ్గర మాత్రం సిరా ఒలికినట్టు నీలం. వేడి ఇసుక మీద ఒక కాలు ఎత్తి, దాన్ని దించి ఇంకో కాలు ఎత్తి, కాసేపు నిలబడింది. ఉన్నట్టుండి తోకని వీపు మీదికి చుట్టుకుని పరుగు తీసింది. తోక కింద నల్లటి పట్టీలు మెరిశాయి. రాతి మొదట్లో ఉన్న బొరియలోకి దూరింది. అంతే.

అతను ఫోను తీసేలోపు అంతా అయిపోయింది. ఫొటోలో ఇసుక, అతని బొటనవేలు పడ్డాయి.

కానీ ఇసుకలో అడుగులున్నాయి. రాళ్ళ మరుగున గాలి తగలదు కాబట్టి చెక్కుచెదరలేదు. అతను వంగి చూశాడు. నాలుగు కాళ్ళ గుర్తులు స్పష్టంగా ఉన్నాయి, వెనకకాళ్ళ వేళ్ళు పొడుగ్గా సాగాయి. మధ్యలో తోక ఈడ్చిన గీత లేదు. ఏ తొండ నడిచినా గీత ఉంటుందని చెకింగాయనే చెప్పాడు. ఇది గీత గీయని బల్లి!

అచ్చు తీయకుండా ఎలా ఉంటాడు? అతని బతుకే అచ్చు. మర్నాడే పొడి ప్లాస్టరు, రబ్బరు గిన్నె, నీళ్ళు చిమ్మే సీసా సంచీలో వేసుకుని పని మధ్యలో బస్సెక్కి వెళ్ళాడు. డాక్టరుకి పంటినొప్పి అని చెప్పాడు. "నీక్కూడానా!" అన్నాడు డాక్టరు. ఇసుక మీద మంచు కురిసినంత పలచగా నీళ్ళు చిమ్మి, ప్లాస్టరు పోసి, గట్టిపడేదాకా ఎండలో కాపలా కూర్చున్నాడు. అచ్చు లేపితే ప్రతి వేలూ, ప్రతి పొలుసూ దిగి ఉంది. అతని చేతిలో ఇంతవరకూ అంత అందమైన పని పడలేదు. అది ఎవరి నోట్లోకీ పోదు, ఎవరి పేరు మీదా పోదు.

ఆ సాయంత్రమే చెకింగాయన గదికి పరుగెత్తాడు. ఆయన మంచం మీద కూర్చుని మోకాలికి తైలం రాసుకుంటున్నాడు. అచ్చు చేతిలోకి తీసుకుని దీపం కింద పెట్టాడు. అతను చూసిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. నీలం డొక్కలు, చుట్టుకున్న తోక, నల్ల పట్టీలు, దువ్వెన వేళ్ళు. ముసలాయన పుస్తకం తీసి పేజీలు తిప్పాడు. మళ్ళీ మొదటికి వచ్చి తిప్పాడు. నూనె వేళ్ళ మరకలు పేజీల మీద పడుతున్నా చూసుకోలేదు.

"ఏంటన్నా అది? పేరేంటి?"

చెకింగాయన పుస్తకం మూసేశాడు. "మామూలుదే తమ్ముడూ. ఇసుక తొండ. పిల్ల వయసులో అలాగే ఉంటుంది. నీకు ఎండలో కళ్ళు చెదిరాయి."

"మరి తోక గీత?"

"గాలికి చెరిగిపోయుంటుంది." ఆగి, తైలం సీసాకి మూత బిగిస్తూ అడిగాడు. "ఎక్కడన్నావ్?"

అతను చెప్పాడు. పొడి వాగు, ఒరిగిన రాళ్ళు, ఎడమ రాతి మొదట్లో బొరియ. అడిగింది అన్న కదా. రాయి కింద రాయి గుర్తు పెట్టి మరీ చెప్పాడు.

ఇంటికొచ్చి నిస్పృహగా కూర్చుంటే భార్య అన్నం పెడుతూ అడిగింది. "ఏమన్నాడు మీ అన్నగారు?"

"మామూలుదేనట."

"మామూలుదైతే మొహం అలా పెట్టావెందుకు? నీకు నచ్చింది కదా. అది మామూలుదైతేనేం, కాకపోతేనేం? నన్ను చేసుకున్నప్పుడు నేనేమన్నా అరుదైన జాతినా?"

అతను నవ్వాడు. చెకింగాయన మాట మీద అతనికి అనుమానం రాలేదు. అచ్చులో ఉన్నది తన కళ్ళకి కనపడుతున్నా, ఆయన లేదంటే లేదనుకున్నాడు. నమ్మకమంటే అదే కదా, కళ్ళున్నవాడు కళ్ళు మూసుకోవడం.

తర్వాతి ఆదివారం డాక్టరు ఎవరికో అర్జెంటుగా సెట్టు కావాలన్నాడు. అతను క్లినిక్‌లోనే ఉండిపోయాడు. "నువ్వు లేకుండా నేనేం పోతాను, పడుకుంటాలే" అన్నాడు చెకింగాయన ఫోన్లో. ఆ పై ఆదివారం కూడా మోకాలు అన్నాడు. అతను ఒక్కడే వెళ్ళాడు. మామూలుదైతేనేం, ఇంకోసారి చూసొద్దామని.

ఒరిగిన రాళ్ళ దగ్గర బొరియ లేదు. బొరియ ఉన్న చోట పెద్ద గొయ్యి ఉంది. ఇసుక రెండు పక్కలా ఎగదోసి ఉంది. పొద్దున చలికి బల్లి ఒళ్ళు బిగుసుకుని కదలలేని వేళ తవ్వి ఉంటారు. ఎడారి జీవిని పట్టాలంటే అదే వేళ, అదీ చెకింగాయన నేర్పిందే. ఏ గుంటనక్క పనో అనుకున్నాడు ముందు. మరి గుంటనక్క పారతో తవ్వదు. పార అంచు గీతలు గోడలా తిన్నగా ఉన్నాయి.

గొయ్యి చుట్టూ ముద్రలున్నాయి. ఒకటి, దాని పక్కన ఇంకొకటి, రాతి దాకా వరసగా. నాలుగు గుంటలు, మధ్యలో కూడలిలా గట్టు. ఆ గట్టు మీద ఒక పక్కన చిన్న బొడిపె. అచ్చు పోసినప్పుడు రబ్బరులో గాలిబుడగ పడిన చోటు అది. దాన్ని సరిచేద్దామనుకుని, కర్ర అడుగున ఎవరు చూస్తారులే అని వదిలేశాడు.

అతను ఇసుకలో చతికిలబడ్డాడు. ఊళ్ళో ఎవరు ఆ ముద్ర చూసినా ఏ జంతువో అనుకునేవాళ్ళు. అది ఏ జంతువో చెప్పగలిగినవాడు అతనొక్కడే. కాలివేళ్ళు చూడు, తోక చూడు, నడక చూడు. పేరు చివర్న అడుగు.

అచ్చు తీయలేదు. ఎవరికి చూపిస్తాడు?

ఇంట్లో భార్యకి చెప్పాడు. "నేను చెబితే విన్నావా? తొండ ముదిరి ఊసరవెల్లి అయిందిట" అని మొదలుపెట్టి, అతని మొహం చూసి ఆపేసింది. మంచినీళ్ళు తెచ్చి పెట్టి, పక్కనే కూర్చుంది. దింపేసిన బస్సు కథ ఆ రోజు ఎత్తలేదు.

చెకింగాయన తనే వచ్చాడు, మధ్యాహ్నం క్లినిక్ మూసి ఉన్న వేళ, వెనక తలుపు నుంచి. కర్ర గోడకి ఆనించి, స్టూలు మీద కూర్చుని, ఏమీ జరగనట్టు నోరు తెరిచాడు.

"చిగురు ఒరుసుకుంటోంది తమ్ముడూ. చూడు కాస్త."

"తియ్యి."

ముసలాయన పై సెట్టు తీసి అతని అరచేతిలో పెట్టాడు. వెచ్చగా, తడిగా ఉంది. పళ్ళు తీసేస్తే ఆ మొహం ఒక్కసారి పదేళ్ళు ముదిరి కిందికి దిగజారినట్టయింది. అతను సెట్టుని వెలుగులో తిప్పి చూశాడు. వంకర పన్ను అలాగే ఉంది. ఈ పళ్ళతోనే "మామూలుదే" అన్నాడు. తను పేర్చిన పళ్ళు, తను మెరుగు పెట్టిన పళ్ళు.

"ఎందుకు తవ్వావన్నా?"

చెకింగాయన పెదాలు లోపలికి పోయాయి. "ఏం తవ్వడం?" అనలేదు. గోడకి ఆనించిన కర్ర వైపు చూశాడు, దాని అడుగు వైపు. ఏళ్ళ తరబడి టికెట్ లేనివాళ్ళని పట్టుకున్న మనిషి, దొరికిపోయినవాడి మొహం ఎలా ఉంటుందో ఇంకెవరు నేర్పాలి ఆయనకి?

"మ్యూజియంలో ఇచ్చాను" అన్నాడు. పళ్ళు లేక మాటలు తడిసిన కాగితంలా వస్తున్నాయి. "సీసాలో పెట్టారు. చల్లటి మందులో. బాధ తెలీదన్నారు."

"మామూలుదన్నావుగా."

"నాకు తెలీలేదురా. పుస్తకంలో లేదది. ఎంత వెతికినా లేదు."

"అదే అనొచ్చుగా. తెలీదు తమ్ముడూ, అనొచ్చుగా."

"నీతో ఎలా అనను?" ముసలాయన గొంతు లేచింది, లేచినంత వేగంగా పడిపోయింది. "నాకు తెలుసనే కదా నువ్వు నా వెనక నడిచేది."

అతను చిన్న సాన చక్రం ఆన్ చేసి, చిగురు ఒరుసుకుంటున్న చోట సెట్టుని అరగదీయడం మొదలుపెట్టాడు. గులాబీరంగు పొడి వేళ్ళ మీద పడుతోంది. ఆ చప్పుడు మీదుగా చెకింగాయన ఏదో చెబుతూనే ఉన్నాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన పేరు తిట్టులో తప్ప ఎక్కడా వినపడలేదట. మ్యూజియంలో సీసా కింద కార్డు పెడతారట. కార్డు మీద కనిపెట్టినవాడి పేరు అచ్చేస్తారట.

అతను చక్రం ఆపాడు. "కనిపెట్టింది?"

"నీ పేరూ చెబుదామనే అనుకున్నాను. వాళ్ళ కార్డులో దానికి ఒక్కటే గీత ఉంది తమ్ముడూ."

అతను సెట్టుని కడిగి, తుడిచి, చేతికిచ్చాడు. పని ఎక్కడా తగ్గించలేదు. ముసలాయన పెట్టుకుని, ఒకసారి కొరికి చూసి, "ఇప్పుడు హాయిగా ఉంది" అన్నాడు. పళ్ళు రాగానే గొంతులోకి పాత ధీమా కూడా వచ్చేసింది. "ఆదివారం పోదామా? దానికి జోడీ ఉండకపోదు."

అతను లేచి గోడ దగ్గరి కర్ర తీసుకున్నాడు. మైనం కోసే కత్తితో తొడుగుని చుట్టూ కోసి, పీకి, చెత్తడబ్బాలో వేశాడు. కర్ర ఆయన చేతిలో పెట్టాడు.

"జాగ్రత్తగా వెళ్ళు. మెట్ల దగ్గర జారుతుంది."

చెకింగాయన లేచి బయటికి నడిచాడు. ఉత్త కర్ర సిమెంటు మీద టకటకమంటూ సందు మలుపు దాకా వినపడింది.

కొన్నాళ్ళకి అతను మ్యూజియంకి వెళ్ళాడు. ఎండిన పక్షులు, ఎముకల గూళ్ళు దాటాక, మూలగా ఉన్న అరలో ఆ సీసా కనపడింది. నీలం పోయింది. గడ్డి రంగు పోయింది. ఉడికిన బట్టలా తెల్లగా, తోక ఒక పక్కకి మడిచి ఉంది. కాలివేళ్ళ దువ్వెనలు మాత్రం గాజుకి ఆని స్పష్టంగా ఉన్నాయి. కింద కార్డు. 'సేకరించినవారు' అన్నచోట చెకింగాయన పేరు, ఇంటిపేరుతో సహా, చక్కటి అక్షరాల్లో ఉంది. అతను ఆ పేరు చదవడం అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ అన్నా అంటూ వచ్చాడు, పేరు అడగలేదు.

'జాతి' అన్నచోట 'ఇంకా నిర్ధారణ కావలసి ఉంది' అని ఉంది.

తర్వాత కూడా అతను ఆదివారాలు మానలేదు. ఊపిరితిత్తులకి నమ్మకద్రోహాలతో పనిలేదు, వాటికి గాలి కావాలి. చెకింగాయన కనపడతాడేమోనని బస్సు మారి ఎడారికి అవతలి వైపు నుంచి వెళ్తున్నాడు. ఒక పొద్దున, ముళ్ళపొదల మధ్య మెత్తటి ఇసుకలో, అవే అడుగులు కనపడ్డాయి. పొడుగు వేళ్ళు, మధ్యలో తోక గీత లేదు. ఇంకా తాజాగా ఉన్నాయి. అతను పక్కకి తిరిగి "అన్నా" అన్నాడు. నోటికి అలవాటు పోలేదు. పక్కన ఎవరూ లేరు.

సంచీలో ప్లాస్టరు ఉంది. నీళ్ళ సీసా ఉంది. అతను సంచీ విప్పలేదు. చెప్పు అడుగుతో ఆ అడుగులన్నీ ఒక్కొక్కటే చెరుపుకుంటూ పొద దాకా వెళ్ళి, బొరియ నోటి దగ్గర చేత్తో ఇసుకని సాపు చేశాడు. తన అడుగుల మీద ముళ్ళకొమ్మ ఈడ్చుకుంటూ వెనక్కి వచ్చాడు.

ఇంటికి రాగానే భార్య అడిగింది. "ఏమైనా కనపడిందా?"

"ఏం లేదు" అన్నాడు అతను, ఆవిడ కళ్ళలోకి చూస్తూ. "మామూలు ఇసుకే."

ఆవిడ నమ్మింది.